మాస్టర్లు మీ దగ్గరే ఉంచుకోండి

చిన్నీ,

మీ బ్యాండ్‌కి రికార్డు కంపెనీ వాళ్లు పంపిన ఒప్పందం చదివాను. బ్యాండ్ కోసం ఉద్యోగం మానాలా అని అడిగావు, ముందు ఆ సంగతి. మానొద్దు. మీ పాట మీద నమ్మకం లేక అనడం లేదు. నీకెంతో ఇష్టమైన మీకాన్స్ బ్యాండ్ ఇన్నేళ్లు ఎలా నిలిచిందో చూసి చెబుతున్నాను.

1977లో లీడ్స్‌లో ఆర్ట్ చదివే కుర్రాళ్లు పెట్టిన పంక్ బ్యాండ్ అది. రెండేళ్లకే వర్జిన్ కంపెనీ ఆల్బమ్ వేసింది, తర్వాత వదిలేసింది. బ్యాండ్ దాదాపు ఆగిపోయింది. 1984లో బ్రిటన్ బొగ్గుగని కార్మికులు సమ్మెకు దిగినప్పుడు వాళ్లకు అండగా మళ్లీ కూడారు. మరుసటి ఏడు సిన్ అనే సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీద 'ఫియర్ అండ్ విస్కీ' తెచ్చారు. పంక్ డ్రమ్ముల మీద సూసీ హనీమన్ ఫిడేలు, హాంక్ విలియమ్స్ దారిలో నడిచే కంట్రీ, అంటే అమెరికా పల్లె సంగీతం. పంక్‌నీ కంట్రీనీ కలిపిన ఆల్బమ్‌ల మాట వస్తే ఇప్పటికీ మొదట దాని పేరే చెబుతారు. 1989లో ఏ అండ్ ఎం లాంటి పెద్ద కంపెనీ చేరదీసింది, ఆ పొత్తూ ఎక్కువకాలం సాగలేదు. అయినా బ్యాండ్ చావలేదు. బ్యాండ్‌లోని జాన్ లాంగ్‌ఫర్డ్ మీ షికాగోలోనే బొమ్మలు వేస్తాడు, ఇంకా వేరే బ్యాండ్లలో వాయిస్తాడు. సభ్యులు కొందరు అమెరికాలో, కొందరు ఇంగ్లండ్‌లో. కుదిరినప్పుడు కూడతారు, పాడతారు, ఎవరి పనికి వాళ్లు వెళ్తారు. బ్యాండ్ నెత్తిన ఇంటి అద్దెలు పెట్టకపోతే ఒక ఆల్బమ్ పోయినా బ్యాండ్ పోదు.

ఇక ఒప్పందం. లాభం సగం సగం అన్నారు, చిన్న స్వతంత్ర లేబుళ్లలో అది మామూలే. నా అభ్యంతరం మూడో పేజీ మీద: మాస్టర్లు, అంటే మీ పాటల అసలు రికార్డింగులు, శాశ్వతంగా వాళ్లవట. ఒప్పుకోకండి. ఐదేళ్లకో ఏడేళ్లకో లైసెన్సు ఇవ్వండి, గడువు తీరాక మాస్టర్లు మీకు తిరిగి రావాలి. నోటిమాట చాలనుకోవద్దు. మీ ఊరి టచ్ అండ్ గో లేబుల్ కరచాలనంతోనే సగం సగం పంచేది, నిజాయితీగా పంచేదన్న పేరూ ఉంది. కానీ బట్‌హోల్ సర్ఫర్స్ బ్యాండ్‌తో తగువు కోర్టుకెక్కినప్పుడు, 1999లో అప్పీలు కోర్టు ఏమందంటే, గడువు చెప్పని ఒప్పందాన్ని బ్యాండ్ ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని. లేబుల్ ఓడింది. అంటే గడువు రాయకపోతే రెండు వైపులా ప్రమాదమే. ఇంకొకటి, "ఖర్చులు పోగా" అని ఉన్నచోట ఏ ఖర్చులో వరసగా రాయించు. ప్రెస్సింగ్ (రికార్డుల అచ్చు), అట్టలు, ప్రచారం వరకు సరే. వాళ్ల ఆఫీసు అద్దె అందులోకి రాకూడదు. పాటల పబ్లిషింగ్, అంటే రాసిన పాట మీద హక్కుల ఊసే ఎత్తనివ్వకు. మీ నలుగురిలో ఏ పాటలో ఎవరికెంత వాటా అన్నది ఈ నెలలోనే కాగితం మీద పెట్టి సంతకాలు చేయండి. స్నేహం బాగున్నప్పుడే ఆ మాట తేలిగ్గా తేలుతుంది.

రికార్డు గురించి రాశావు, రెండో వైపు 26 నిమిషాలు వస్తోందని. ఎక్కువ. 12 అంగుళాల రికార్డు నిమిషానికి 33 చుట్ల వేగంతో తిరిగితే ఒక వైపుకి 18 నుంచి 20 నిమిషాలు హాయిగా పడతాయి, 22 దాటితే ఇబ్బంది. బేస్ గట్టిగా ఉన్నకొద్దీ రికార్డు మీది గాడి అటూఇటూ ఎక్కువగా ఊగి చోటు తింటుంది. నిడివి పెరిగితే గాళ్లు ఇమడడానికి కట్ చేసేవాడు సౌండ్ తగ్గిస్తాడు, అప్పుడు పాట కింద బుసబుసమనే చప్పుడు పైకి తేలుతుంది. ఇంకో చిక్కు, లోపలికి వెళ్లేకొద్దీ ముల్లు కింద గాడి నెమ్మదిగా కదులుతుంది. అందుకే వైపు చివర్లో 'స', 'ష' అక్షరాలు చిరిగినట్టు వినబడతాయి. మీ గట్టి పాటను మొదటికి జరిపి, అకౌస్టిక్ పాటను చివర పెట్టండి. ఒక పాట తీసేయండి కూడా.

ఈ గాడి కోసే పనిని తన చేతుల్లోకే తీసుకున్నవాడు పోర్ట్‌లాండ్ డెడ్ మూన్ బ్యాండ్ ఫ్రెడ్ కోల్. పాత ప్రెస్టో మోనో యంత్రం మీద తమ రికార్డుల లాకర్లు (అచ్చుకు మూలమైన గాడి కోసే పళ్లేలు) తనే కోసేవాడు. పక్కన బేస్ వాయించింది భార్య టూడీ. అంతకుముందు ఆ ఇద్దరూ రేంజ్ ర్యాట్స్ పేరుతో కంట్రీ పాడారు. డెడ్ మూన్ 1987 నుంచి 2006 దాకా నడిచింది, రికార్డులు సొంత లేబుల్ టూంబ్‌స్టోన్ మీద వేసుకున్నారు. మీకు యంత్రం అక్కర్లేదు గానీ, టెస్ట్ ప్రెస్సింగ్ (నమూనా రికార్డు) వచ్చాక మంచి ప్లేయర్ మీద ఒకసారి, చవక ప్లేయర్ మీద ఒకసారి వినకుండా సరే అనొద్దు.

500 కాపీలు వద్దు, 300 చాలు. అట్టతో కలిపి ఒక్కోటి పావుకిలో దాకా తూగుతుంది, 500 అంటే సుమారు 120 కిలోలు. కచేరీలకు వెళ్లేటప్పుడు ఆ పెట్టెలు వ్యాన్ వెనక ఇరుసు దాటి పెడితే ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. బరువంతా కింద, వీలైనంత ముందుకి సర్ది, పట్టీలతో బిగించండి. రికార్డులు నిలువుగానే ఉంచాలి. ఎండలో ఆపిన వ్యాన్‌లో ఒక్క మధ్యాహ్నానికే వంగిపోతాయి.

పొదుపుగా కచేరీలకు తిరగడం అంటే మినిట్‌మెన్ అనే పంక్ బ్యాండ్ వాళ్లు గుర్తొస్తారు. 1984 నాటి వాళ్ల డబుల్ ఆల్బమ్ పేరులో 'డబుల్ నికెల్స్' అంటే గంటకు 55 మైళ్లు, అప్పటి హైవే వేగపరిమితి. అట్ట మీద మైక్ వాట్ కారు నడుపుతూ కనిపిస్తాడు. మరుసటి ఏడు డిసెంబర్ 22న వాళ్ల గిటారిస్టు డి. బూన్ జ్వరంతో వ్యాన్ వెనక బెల్టు లేకుండా పడుకున్నాడు. అరిజోనాలో వ్యాన్ రోడ్డు తప్పింది. చనిపోయేనాటికి అతనికి 27 ఏళ్లు. మినిట్‌మెన్ అక్కడితో ఆగిపోయింది.

కచేరీ అయిన రాత్రి బండి తీయొద్దు, గది ఖర్చు నేను పంపుతాను. ఈ ఆదివారం వ్యాన్‌లో ప్రతి సీటు బెల్టూ లాగి చూసి, ఎన్ని గట్టిగా పట్టుకుంటున్నాయో రాయి.

ప్రేమతో
నాన్న