ఓడ ఎక్కడానికి రెండుంపావు గంటల ముందు

ఫ్రిస్కో, టెక్సాస్
మార్చి 24

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

మేం ముగ్గురం క్షేమం. విహారయాత్ర ఓడ (క్రూయిజ్) దిగి నిన్న సాయంత్రానికి ఇల్లు చేరాం. నాకింకా ఇల్లు ఊగుతున్నట్టే ఉంది, స్టవ్ దగ్గర నిలబడితే కాళ్ళ కింద నేల మెల్లగా కదులుతోంది. రెండ్రోజుల్లో అదే పోతుందంటున్నారు.

నాన్నగారూ, రాత్రి ఫోన్లో మీరడిగిన మొదటి మాట, "ఎంత ముందు వెళ్ళారే?" అని. జవాబు చెప్పేలోపు అమ్మ ఫోన్ లాక్కుని తిండి సంగతి మొదలుపెట్టింది. ఒకందుకు అదే మంచిదైంది, చెప్పడానికి నాకు కాస్త సిగ్గుగానే ఉంది. అందుకే కాగితం తీశాను.

రేవుకి మాకిచ్చిన టైముకన్నా రెండుంపావు గంటల ముందు వెళ్ళాం. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి సాయంత్రం ఆరింటికే సామర్లకోట ప్లాట్‌ఫాం మీద పెట్టెల మీద కూర్చోబెట్టిన మనిషి కూతుర్ని, ఇంకెలా వెళ్తాను?

ఇక్కడ ఓడకి పద్ధతి వేరు. ఏ టైముకి రేవుకి రావాలో ముందే ఎంచుకోవాలి. ఫలానా రోజున ఆన్‌లైన్‌లో చెక్-ఇన్ తెరుస్తారు. జనం దానికోసం తత్కాల్ టికెట్టుకి కాచుకున్నట్టు కాచుకుంటారు. పొద్దుటి టైములన్నీ చూస్తుండగానే అయిపోతాయి. మీ అల్లుడుగారు ఆఫీసు మీటింగులో ఉండి మర్చిపోయారు. మాకు పన్నెండున్నర నుంచి ఒంటిగంట లోపు వచ్చింది. ఓడ నాలుగింటికి.

ముందురోజే బయల్దేరి పియర్‌లాండ్‌లో పడుకున్నాం. అమ్మా, అక్కడ మీనాక్షి అమ్మవారి గుడి ఉంది, సాయంత్రం వెళ్ళి నీ పేరున అర్చన చేయించాను. అక్కణ్ణించి గాల్వెస్టన్ రేవుకి కారులో ముప్పావుగంట. పదకొండున్నరకి బయల్దేరితే సరిపోయేది. నేను తొమ్మిదింటికే అందర్నీ లేపి హడావుడి చేశాను. దారిలో టైరు పంక్చరైతే? వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోతే? ఆ ప్రశ్నలన్నీ మీ గొంతుతోనే వినిపించాయి నాన్నగారూ. బుజ్జిగాడు షూ లేసులు కూడా కట్టుకోకుండానే కారెక్కాడు.

పదింపావుకి టెర్మినల్ ముందున్నాం. రోడ్డు పక్కనే పోర్టర్లు పెద్ద పెట్టెలు తీసేసుకుంటారు. పెట్టెకి గది నంబరున్న కాగితం ముందే కట్టి తేవాలి, మళ్ళీ సాయంత్రం మన గది తలుపు దగ్గరే కనిపిస్తుంది. పెట్టెలు ఇచ్చేశాం. ఈయన కారు పార్కింగులో పెట్టడానికి వెళ్ళారు. నేనూ బుజ్జిగాడూ తలుపు దగ్గరికి వెళ్తే అక్కడున్నావిడ ఫోన్లో మా టైము చూసి నవ్వుతూనే, "పన్నెండున్నరకి రండి" అంది. ఎండలో నిలబడతామన్నా ఒప్పుకోలేదు.

మొదట నాకు కోపమొచ్చింది. మా ముందే ఒక జంటని ఏ ప్రశ్నా లేకుండా లోపలికి పంపింది కదా అని. తర్వాత తెలిసింది, వాళ్ళు ఆ కంపెనీ ఓడల్లో చాలాసార్లు తిరిగినవాళ్ళట, వాళ్ళకి వేరే వరస. తిరుమలలో బ్రేక్ దర్శనం లాంటిదన్నమాట. పక్కింటావిడ క్రితంసారి తన టైముకి గంటన్నర ముందే వెళ్ళినా ఎవరూ అడగలేదట. ఒక్కోచోట ఒక్కోరోజు ఒక్కోలా ఉంటుంది. నన్నడిగితే, పట్టించుకుంటే అందరి దగ్గరా పట్టించుకోవాలి. లేకపోతే టైముకి వచ్చినవాడే వెర్రివాడవుతాడు.

కానీ ఆ తలుపు దగ్గర పది నిమిషాలు నిలబడ్డాక విషయం అర్థమైంది. మేం ఎక్కాల్సిన ఓడలోంచి ఇంకా జనం దిగుతున్నారు! వేల మంది. ఎండకి కందిన ముక్కులు, మెక్సికోలో కొన్న పెద్ద పెద్ద టోపీలు, నిద్రపోతున్న పిల్లలు. పొద్దున్నే వచ్చిన ఓడ అదే సాయంత్రం మళ్ళీ వెళ్ళిపోవాలి. ఈ మధ్యలో వాళ్ళంతా దిగాలి, కస్టమ్స్ దాటాలి, వేల పక్కల దుప్పట్లు మార్చాలి, వారానికి సరిపడా కూరగాయలు ఎక్కించాలి. లోపల పాతవాళ్ళు ఒక్కరూ లేరని లెక్క తేలాకే కొత్తవాళ్ళని ఎక్కనిస్తారు. పొగమంచు పట్టి ఓడ రేవులోకి రావడమే ఆలస్యమైతే అందరి టైములూ వెనక్కి జరుపుతారు, గాల్వెస్టన్‌లో చలికాలం అది మామూలేనట. అంటే నా తొందరతో ఓడకి పనిలేదు.

ఈయన వచ్చాక రోడ్డు దాటి స్ట్రాండ్ అనే పాత బజారు వీధికి నడిచాం. మీరు చూడాల్సిన వీధి నాన్నగారూ. 1900లో వచ్చిన తుపానులో ఈ ఒక్క ఊళ్ళోనే కనీసం ఆరువేల మంది పోయారు. ఆ తర్వాత సముద్రానికి గోడ కట్టి, ఊరి నేలనే ఎత్తు చేసుకున్నారు. 2008లో ఐక్ తుపాను నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడల మీద గుర్తులు పెట్టారు. ఒక గుర్తు నా భుజం దగ్గరుంది. మీరు చెప్పే కోరింగ ఉప్పెన కథ, 96 తుపాను రాత్రి మన పెంకులు ఎగిరిపోవడం బుజ్జిగాడికి చెబుతూ కాఫీ షాపులో కూర్చున్నాను.

వాడికి దగ్గు మందు ఇద్దామని హ్యాండ్‌బ్యాగు తెరిచాను. మందు ఉంది. పాస్‌పోర్టుల సంచి లేదు.

ముగ్గురి పాస్‌పోర్టులు, గ్రీన్‌కార్డులు అన్నీ అందులోనే. హోటల్లో ఆ హడావుడిలో నీలం పెట్టె పక్క జిప్పులో పెట్టినట్టు గుర్తొచ్చింది. ఆ పెట్టె పోర్టరుకిచ్చి గంట దాటింది. నాకు చేతులు చల్లబడిపోయాయి. ఈయన ఒక్కమాట అనలేదు, అదే ఇంకా భయం. కాఫీలు అక్కడే వదిలేసి బుజ్జిగాడి చెయ్యి పట్టుకుని పరుగు.

ఆ పెట్టెల్ని మనిషంత ఎత్తు ఇనుప బోనుల్లో పేరుస్తారు. బోను నిండితే ఫోర్క్‌లిఫ్ట్ వచ్చి లోపలికి ఎత్తుకుపోతుంది, అక్కడ ఎక్స్‌రే, ఆపైన ఓడ. ఒకసారి లోపలికి వెళ్తే వేల పెట్టెల్లో మనది వెతకాలంటే ఏ మధ్యాహ్నమో అవుతుంది. పోర్టరు ఒక ముసలాయన. మా గది నంబరు విని, ఏమీ కంగారు పడకుండా రెండో బోను దగ్గరికి నడిచాడు. అది సగమే నిండింది. మరీ పొద్దున్నే కదా, పెట్టెలు ఇచ్చినవాళ్ళు తక్కువ. పైన రెండు పెట్టెలు దించి, నీలం పెట్టె హ్యాండిలుకి నేను కట్టిన అమ్మ పాత చీర అంచు ముక్క పట్టుకుని లాగాడు. జిప్పు తీస్తే సంచి అక్కడే ఉంది. ఆయన చేతిలో ఇరవై డాలర్లు పెట్టి రెండు చేతులూ జోడించాను, ఇక్కడ అలా దణ్ణం పెట్టరని గుర్తే లేదు.

కాబట్టి ముందు వెళ్ళడం వల్లే పోయాయి, ముందు వెళ్ళడం వల్లే దొరికాయి. మీ అల్లుడుగారు మొదటి సగమే అందరికీ చెబుతున్నారు, రెండో సగం మీరు చెప్పండి.

పన్నెండున్నరకి వెళ్తే పావుగంటలో లోపలున్నాం. పాస్‌పోర్టు, కార్డు చూశారు, ఫొటో తీశారు, అంతే. ముందెక్కినవాళ్ళకి మాత్రం ఏం ఒరిగింది? ఒంటిగంటన్నర దాకా గదులివ్వరు. అందరూ ఒళ్ళో సంచులు పెట్టుకుని భోజనం చేస్తున్నారు. ఖాళీ ఈతకొలను దొరికిందని ఒకాయన సంబరపడ్డాడు లెండి. అమ్మా, శాకాహారం అడిగితే చేసిపెట్టారు, పప్పు కూడా. ఉప్పు తక్కువ, అంతకన్నా వంకలేదు.

మన స్టేషన్‌కీ దీనికీ తేడా ఒకటే. ఇక్కడ ముందొస్తే బయట నిలబెడతారు, ఆలస్యంగా వస్తే వదిలేసి పోతారు. ఎక్కినవాళ్ళ పేర్ల జాబితా ఓడ కదలడానికి గంట ముందే సర్కారుకి పంపాలి, ఆ తర్వాత వచ్చినవాణ్ణి ఎంత బతిమాలినా ఎక్కించుకోరు. కదిలేలోపు ప్రమాదమొస్తే ఎక్కడ చేరాలో కూడా ప్రతి ఒక్కరికీ చూపిస్తారు. 2012లో ఇటలీ దగ్గర కోస్టా కాంకార్డియా ఒరిగిపోయాక ఆ నియమం గట్టిపడింది.

అక్టోబరులో మీరిద్దరూ వచ్చినప్పుడు మళ్ళీ వెళ్దాం. చెక్-ఇన్ తెరిచే రోజు నేనే సెలవు పెట్టి కూర్చుంటాను, పదకొండు గంటల టైము పట్టుకుంటాను. మీరు ఎనిమిదింటికే చొక్కా వేసుకుని కూర్చుంటారని తెలుసు. పాస్‌పోర్టులు మీ దగ్గరే ఉంచుతాను, టికెట్లు చొక్కా లోజేబులో పెట్టి పిన్నీసు గుచ్చేవారు కదా, అలాగే. వచ్చేటప్పుడు ఒక గుత్తి పెద్ద పిన్నీసులు తెండి. ఇక్కడివి వంగిపోతున్నాయి.

మీ
చిన్ని