20 గ్రాముల పార్టుకు అర కిలో ఛార్జీ: కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కావలి. టీవీలు, ఇన్వర్టర్లు, మోటారు స్టార్టర్లు బాగుచేసే చిన్న షాపు నడుపుతున్నాను. సాయంత్రాలు డిప్లొమా, ఇంజనీరింగ్ చదివే పిల్లలు కొందరు వచ్చి నాతోపాటు సర్క్యూట్లు కడుతుంటారు. మాలాంటి వాళ్లం విదేశాల నుంచి ఒకటో రెండో పార్టులు తెప్పించుకోవాలంటే, వాటి ధర కంటే ఇంటికి చేర్చే ఖర్చే ఎన్నో రెట్లు అవుతోంది. తపాలా శాఖ మీ మంత్రిత్వ శాఖలోనే ఉంది, పైగా మీరు మన ప్రాంతం వారు. అందుకే మీకు రాస్తున్నాను.

ఇది సరదాగా బొమ్మలు చేసుకునే వాళ్ల గొడవ అని పక్కన పెట్టవద్దని మనవి. కావలి, అల్లూరు, విడవలూరు వైపు సముద్రం పొడుగునా రొయ్యల గుంటలే. రాత్రిళ్లు ఎండ ఉండదు కాబట్టి గుంటలోని ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మమైన నాచు) కూడా ఆక్సిజన్ పీల్చుకోవడమే తప్ప వదలదు. తెల్లవారుజాముకు నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) 3 పీపీఎం, అంటే లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే దిగితే రొయ్యలు పైకి తేలడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగితే, జనరేటర్ వేసే మనిషి నిద్రలో ఉంటే, నెలల తరబడి మేత పోసి పెంచిన పంట తెల్లారేసరికి పోతుంది. అప్పు మాత్రం రైతు నెత్తిన మిగులుతుంది. డీఓ తగ్గగానే రైతు ఫోన్ మోగేలా మేం ఒక చిన్న పెట్టె తయారుచేశాం. పెద్ద కంపెనీల మీటర్లు కొనలేని రెండు మూడెకరాల కౌలు రైతుల కోసం చేసిన పని ఇది.

బోర్డు, సిమ్ మాడ్యూల్, బ్యాటరీ మన దేశంలోని ఆన్‌లైన్ షాపుల్లోనే దొరికాయి. నీళ్లలో ముంచి ఆక్సిజన్ కొలిచే ప్రోబ్‌లో పోసే సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణానికీ ఇబ్బంది లేదు. దొరకనిదల్లా ప్రోబ్ మొనకు బిగించే మెంబ్రేన్ క్యాప్, అంటే పలుచని పొర ఉన్న చిన్న మూత. గుంట నీళ్లలో బురద, పాచి పట్టి అది త్వరగా పాడవుతుంది, మారుస్తూ ఉండాలి. పొద్దున పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి మద్రాసులో దిగి, ఎలక్ట్రానిక్స్ పార్టులమ్మే రిచీ స్ట్రీట్‌లో వెతకొచ్చు. మామూలు పార్టులు అక్కడ తెచ్చుకుంటూనే ఉన్నాం, ఈ క్యాప్ మాత్రం అక్కడా లేదు. చివరికి బయటి దేశం నుంచి తెప్పించాం. క్యాప్ ధర 900 రూపాయలు. కొరియర్‌కు 2,800. సుంకం, దాన్ని మా తరఫున ముందుగా కట్టినందుకు కొరియర్ సంస్థ వేసిన ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ జీఎస్టీ కలిసి, చేతికొచ్చేసరికి 4,500 దాటింది. కవరుతో సహా తూస్తే 20 గ్రాములు లేదు.

ఇంత ఖర్చు ఎందుకవుతోందో కొంత అర్థమైంది. ఎక్స్‌ప్రెస్ కొరియర్ల రేట్లు సాధారణంగా అర కిలో నుంచి మొదలవుతాయి. చిన్న క్యాప్‌ను పెద్ద పెట్టెలో పెడితే ఇంకా నష్టం. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి, ఆ లెక్క అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. ఫ్యాక్టరీలు తెప్పించే సరుకుకు ఈ పద్ధతి సరిపోతుంది. ఒక్క చిప్ కావలసిన పాలిటెక్నిక్ పిల్లవాడికి సరిపోదు.

తపాలా లెక్క వేరు. 2 కిలోల లోపు చిన్న ప్యాకెట్లకు దేశాల తపాలా శాఖలు ప్యాకెట్‌కు ఇంత, కిలోకు ఇంత అని ఒకదానికొకటి చెల్లించుకుంటాయి. టెర్మినల్ డ్యూస్ అనే ఈ పద్ధతి 1969లో, దేశాల తపాలా శాఖల అంతర్జాతీయ సంస్థ యూనివర్సల్ పోస్టల్ యూనియన్ టోక్యో మహాసభలో వచ్చింది. దాని పుణ్యమా అని ఒకప్పుడు చైనా, హాంకాంగ్‌ల నుంచి చిన్న కవర్లు చాలా తక్కువ ఖర్చుతో వచ్చేవి. నెలన్నర పట్టినా, పోస్ట్‌మ్యాన్ తెచ్చి చేతికిచ్చేవాడు. తర్వాత ఏడాదిన్నర లోపే అన్నీ మారిపోయాయి. 2019 సెప్టెంబరులో జెనీవాలో యూనివర్సల్ పోస్టల్ యూనియన్ ఆ రేట్ల పద్ధతిని సవరించింది. డిసెంబరులో మన ప్రభుత్వం 5,000 రూపాయల లోపు బహుమతులకు ఉన్న సుంకం మినహాయింపు తీసేసింది. ఆపై కోవిడ్‌తో విమానాలు ఆగాయి. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్‌తో సహా 43 యాప్‌లపై నిషేధం వచ్చింది. నిషేధం దేశ భద్రత కోసం తీసుకున్న నిర్ణయం, దాన్ని వెనక్కి తీసుకోమని అడగడం లేదు. బహుమతి అని రాసి అమ్మకపు సరుకు పంపిన వ్యాపారులు ఉన్నారు కాబట్టి ఆ దారి మూయడమూ న్యాయమే. కానీ మూసిన దారికి బదులు, పన్ను సక్రమంగా కట్టి తెచ్చుకునే చౌక దారి ఒకటి తెరవాలి కదా. అది ఇప్పటికీ జరగలేదు.

సుంకం ఆర్థిక శాఖ పరిధి అని తెలుసు. అయినా ఒక మాట మీ ద్వారా వారికి చేరాలి. ఐటీ వస్తువులపై సుంకాలు ఎత్తేసే అంతర్జాతీయ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఒప్పందంలో మన దేశం 1997లో చేరింది. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు కస్టమ్స్ సుంకాల పట్టికలోని తమ పద్దు కింద దిగుమతి అయితే వాటిపై బేసిక్ కస్టమ్స్ డ్యూటీ సున్నా. వ్యక్తిగత వాడకానికి పోస్టులో, కొరియర్‌లో వచ్చే వస్తువులకు 9804 అని వేరే పద్దు ఉంది, దాని సుంకం వేరు. ఒకే చిప్, వేలల్లో తెప్పించే కంపెనీకి సున్నా సుంకంతో వస్తుంది, మా పిల్లల పేరున వచ్చిన అయిదు ఆ పద్దులో పడితే భారం. అలాగే విమానంలో వచ్చే సరుకు విలువలో రవాణా ఖర్చును వస్తువు ధరలో 20 శాతానికి మించి కలపకూడదని 2007 నాటి కస్టమ్స్ విలువ నిర్ధారణ నియమాలు చెబుతున్నాయి. మంచి నియమం. మాకు కొరియర్ వాళ్లిచ్చే రసీదులో మాత్రం దేనిమీద ఎంత వేశారో విడమరిచి ఉండదు. సరిగ్గా లెక్కకట్టారో లేదో సామాన్యుడు ఎలా తెలుసుకోవాలి?

పదిమంది కలిసి ఒకే ఆర్డర్ పెట్టుకోమని కొందరు సలహా ఇస్తారు. పెట్టి చూశాం. ఆధార్, పాన్ ఇచ్చేది ఒక్కడే. వ్యక్తిగత వాడకానికి ఇన్నెందుకని కస్టమ్స్ అడిగితే జవాబు చెప్పుకోవలసిందీ వాడే. ఆ టెన్షన్ ఓ విద్యార్థి మీద పెట్టడం నాకిష్టం లేదు. మన దేశంలోనే తయారవుతాయి, ఓపిక పట్టమంటారు ఇంకొందరు. గుజరాత్‌లోని సాణంద్, ధొలేరాల్లో చిప్‌ల పరిశ్రమలు వస్తున్నందుకు అందరికంటే ఎక్కువ సంతోషించేది మేమే. కానీ ఏ దేశమూ అన్ని పార్టులూ తానే చేసుకోదు.

మీ శాఖ తలచుకుంటే చేయగలదని నాకు నమ్మకం కలిగించింది జ్ఞాన్ పోస్ట్. పుస్తకాలు, చదువు సామగ్రి కోసం 2025 మే 1న మొదలైంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, ట్రాకింగ్ కూడా ఉంది. చదువుకునేవాడికి పుస్తకం చౌకగా చేరాలని ఆలోచించిన శాఖ, ప్రయోగం చేసేవాడికి చిప్ చౌకగా చేరాలని కూడా ఆలోచించగలదు. చిన్న ఊళ్ల నుంచి ఎగుమతులు చేసేవారి కోసం మీరు దేశమంతటా వెయ్యికి పైగా డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు పెట్టారు. కాగితాల పని అక్కడే పూర్తవుతోంది. అదే కౌంటర్లో దిగుమతికీ సాయం చేయండి. గుర్తింపు పత్రాల తనిఖీ కావలి పోస్టాఫీసులో ఒక్కసారి అయిపోతే చాలు. హాంకాంగ్, సింగపూర్, అమెరికా తపాలా శాఖలతో ఒప్పందం చేసుకుని, చిన్న పార్టుల ఆర్డర్లన్నీ వారానికోసారి ఒకే మూటగా చెన్నై విదేశీ తపాలా కార్యాలయానికి రప్పించండి. అమ్మేవాడే సుంకం ముందుగా వసూలు చేసి కట్టేలా చూస్తే అక్కడ ఒక్కో కవరు విప్పి లెక్కకట్టే పని తగ్గుతుంది. అక్కడి నుంచి మా ఊరికి స్పీడ్ పోస్ట్ ఎలాగూ ఉంది.

ముందుగా, పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లున్న బడులతో మొదలుపెట్టినా సరే. ఒక్కో ల్యాబ్‌కు 20 లక్షల వరకు గ్రాంటు ఇస్తున్నారు. మరో అయిదేళ్లలో ప్రభుత్వ బడుల్లో 50,000 ల్యాబ్‌లు పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. కిట్‌లో ఉన్నవి చేసేశాక సొంత ఆలోచన పుట్టే పిల్లవాడికి కిట్‌లో లేని పార్టు కావాలి. సొంత ఆలోచన అక్కడే ఆగిపోతోంది. నా షాపులో చూస్తున్నాను. వెబ్‌సైట్‌లో షిప్పింగ్ లెక్క చూడగానే పిల్లలు ఆర్డర్ రద్దు చేసి, ఉన్నదాంతో పనయ్యే చిన్న ప్రాజెక్టుకు మారిపోతున్నారు.

మేం తరచుగా తెప్పించుకునే పార్టులు, వాటి బరువులు, కట్టిన ఛార్జీల రసీదులు అన్నీ ఒకచోట పెట్టాం. విజయవాడలోని చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్ కార్యాలయంలో మీ అధికారులు ఒక గంట సమయం ఇస్తే, నేనూ ఇద్దరు విద్యార్థులూ ఒక ఆక్వా రైతూ వచ్చి చూపిస్తాం. తేదీ చెప్పండి.

భవదీయుడు,
ఒక ఎలక్ట్రానిక్స్ మెకానిక్,
కావలి, నెల్లూరు జిల్లా