‘పారాచూట్ తెరుచుకోలేదు’ అంటే సరిపోదు

ఎడిటర్ గారికి,

విమాన ప్రమాదం జరిగినా, విమానంలోంచి దూకే సైనికుల (పారాట్రూపర్ల) శిక్షణలో ఎవరైనా చనిపోయినా పత్రికల్లో కనిపించేది ఒకే ముక్క: ‘పారాచూట్ తెరుచుకోకపోవడంతో’. హకీంపేట, దుండిగల్ శిక్షణ విమానాలు నెత్తిమీద తిరిగే ఈ నగరంలో అది చదివినవాళ్లు ‘ఎవడో సరిగా మడతపెట్టలేదు’ అనుకుంటారు. పారాచూట్లు సర్దే రిగ్గర్ల మీద అది పెద్ద నింద. చాలాసార్లు తప్పు కూడా.

పారాట్రూపర్లు మామూలుగా వాడేది స్టాటిక్ లైన్ పారాచూట్. విమానంలోని కేబుల్‌కు తగిలించిన పట్టీ వీపు మీది సంచిని లాగుతుంది. ముందు తాళ్లు, తర్వాత గుడ్డ బయటికొస్తాయి. అమెరికా సైన్యం దశాబ్దాలపాటు వాడిన టీ-10నే తీసుకోండి. 35 అడుగుల గొడుగు (గాలికి నిండే గుడ్డ), 30 తాళ్లు, 15 అడుగుల స్టాటిక్ లైన్. గొడుగు పై కొసను స్టాటిక్ లైన్‌కు కట్టి ఉంచేది మాత్రం 80 పౌండ్ల లాగుడుకు తెగే కాలంగుళం నూలు పట్టీ. గొడుగు నిలువునా సాగాకే అది తెగాలి. ముందే తెగితే గుడ్డ ముద్దగా జారిపోతుంది. దాని బదులు గట్టి నైలాన్ తాడు కడితే తెగనే తెగదు, దూకిన మనిషి విమానం వెనక వేలాడతాడు. అందుకే ఆ పట్టీ ముడి వేశాక రిగ్గర్ చెయ్యి ఆపాలి. తనిఖీ చేసేవాళ్లు చూసి సరే అన్నాకే తర్వాతి మడత.

తాళ్లను పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్ల సంగతీ అంతే. ఎండిపోయిన బ్యాండు తెగితే తాళ్లు గుట్టగా పడి చిక్కుపడొచ్చు. మడతలు కదలకుండా పెట్టే సీసపు గుళ్ల సంచులను, తాత్కాలిక పిన్నులను ప్యాక్ మూసేముందు లెక్కపెట్టాలి. ఒక్కటి తగ్గినా మొత్తం మళ్లీ విప్పాల్సిందే. వానకు తడిసిన గొడుగును నీడలో వేలాడదీసి ఆరబెట్టాలి. మన మే ఎండలో పరిస్తే నైలాన్ బలం పోతుంది. మడతలో ఒక మిడత నలిగినా దాని రసం గుడ్డను పాడుచేస్తుంది.

ఇవి సర్దేవాళ్ల బాధ్యతలు. ఇక వాళ్ల చేతిలో లేనివి చూడండి. నిండుతున్న గొడుగు అంచు గాలికి ఎదుటి వైపు తాళ్ల మధ్య దూరితే గొడుగు రెండు బుడగలుగా చీలినట్టు ఉబ్బుతుంది. తాడు అడ్డంపడినట్టు కనిపిస్తుంది కానీ చాలావరకు ఇది గాలి చేసే పనే, మడత తప్పు కాదు. దీన్ని ఆపడానికే టీ-10 తర్వాతి రకాల అంచు చుట్టూ 18 అంగుళాల వల కుట్టారు. తలుపు దగ్గర ఒళ్లు తిరిగిపోయేలా దూకితే తాళ్లు మెలిపడతాయి. కాళ్లతో తన్నుకుంటూ ఆ మెలి విప్పుకోవడం దూకేవాళ్లకు నేర్పుతారు. శిక్షణ దూకుడు 1,250 అడుగుల నుంచి అనుకుంటే, గొడుగు నిండకపోతే నేల తాకడానికి పట్టేది పది సెకన్లకు కాస్త అటూ ఇటూ. రిజర్వ్ (అత్యవసరానికి ఉంచే రెండో పారాచూట్) లాగాలా వద్దా అన్న నిర్ణయం అందులోనే జరగాలి.

శిక్షణ విమానాల్లో ఎజెక్షన్ సీటు లెక్క పూర్తిగా వేరు. పేలుడు కాట్రిడ్జ్‌లు పైలట్‌తో సహా సీటును బయటికి విసిరేస్తాయి, పారాచూట్ ఆ వరుసలో చివరిది. ఎత్తు, వేగం, విమానం ఒరిగిన తీరు సీటు పనిచేయగల హద్దు దాటితే ఎంత చక్కగా సర్దిన పారాచూట్‌కైనా నిండే సమయం దొరకదు.

కాబట్టి మీ విలేకరులు మూడు విషయాలు అడిగి రాయాలి. సంచిలోంచి అసలు రాలేదా, వచ్చి నిండలేదా, నిండి చిరిగిందా? వెంటనే జవాబు దొరక్కపోతే ‘కారణం తేలాల్సి ఉంది’ అని రాయండి, చాలు.

ఇంకొకటి. ఊళ్ల దగ్గర విమానం కూలితే జనం ముందు పారాచూట్‌నే లాగుతారు, తాళ్లు కోస్తారు, పాపం జాగ్రత్తగా మడిచి పక్కన పెడతారు కూడా. ఏ తాడు ఎక్కడ చిక్కుకుంది, గుడ్డ ఎక్కడ కాలింది అన్నదే విచారణకు ఆధారం. ప్రాణంతో ఉన్న పైలట్‌ను కాపాడటానికి తప్ప తాళ్లు కోయొద్దని, పేలని కాట్రిడ్జ్‌లు ఉండే సీటు దగ్గరికి అసలు వెళ్లొద్దని అలాంటి ప్రతి వార్త పక్కనా బాక్సు కట్టి వేయండి.

— పారాచూట్ విభాగంలో పనిచేసిన పాఠకులు,
అల్వాల్, హైదరాబాద్