రక్తం గ్రూపు ఒక్కటే రాస్తే చాలదు, మంత్రి గారూ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అమ్మకు కిడ్నీలు పాడై నాలుగేళ్లయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇంజెక్షన్లు చేస్తున్నా ఒక్కోసారి హెచ్‌బీ (రక్తంలో హిమోగ్లోబిన్) బాగా పడిపోతుంది, రక్తం ఎక్కించక తప్పదు.

రెండేళ్ల కిందట విశాఖలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తం బ్యాగులు అమ్మ రక్తంతో కలవలేదు. అమ్మది బి పాజిటివ్, దొరకని గ్రూపేం కాదు. "అరుదైన యాంటీబాడీ ఉంది బాబూ, ఎక్కించిన రక్తం మీద దాడి చేస్తుంది" అని, 14 బ్యాగులు చూసి ఒకటి ఇచ్చారు. ఆ మాట నోటితోనే చెప్పారు, కాగితం ఇవ్వలేదు. ఆ యాంటీబాడీ పేరు మాకు నోరు తిరగలేదు.

మొన్న వేసవిలో ఇంకో ఆసుపత్రి. "ఏదో యాంటీబాడీ అన్నారు సార్" అని చెప్పాను. పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. క్రాస్‌మ్యాచ్ (అమ్మ రక్తాన్నీ బ్యాగు రక్తాన్నీ కలిపి చూసే పరీక్ష) కూడా కలిసింది, ఎక్కించారు. ఎనిమిదో రోజు పొద్దున్న అమ్మ కొబ్బరిచెట్టు కింద మంచం మీద టీ తాగుతోంది. పలకరిస్తే తలెత్తింది. కళ్లలో తెల్లగుడ్డంతా పసుపు పూసినట్టుంది. ఒళ్లు కాలిపోతోంది. హెచ్‌బీ 7.4 నుంచి 5.1కి దిగింది. ఎక్కించిన రక్తం లోపలే విరిగిపోయింది.

తర్వాత ఒక డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పారు. ఎర్రకణాల మీద ఎ, బి, పాజిటివ్-నెగటివ్ చెప్పే ఆర్‌హెచ్ కాక ఇంకా వందల గుర్తులుంటాయట. మనలో లేని గుర్తున్న రక్తం వస్తే ఒళ్లు దాని మీద యాంటీబాడీ తయారు చేసుకోవచ్చు. కాన్పుల్లో బిడ్డ రక్తం కలిసినా అంతే. మేం నలుగురం పిల్లలం. అమ్మ యాంటీబాడీ పేరు యాంటీ-జేకేఏ. ఇది కొన్ని నెలల్లోనే పరీక్షకు దొరకనంత తగ్గిపోతుంది, మళ్లీ ఆ గుర్తున్న రక్తం పడితే రోజుల్లో పైకి లేస్తుంది. కాబట్టి పరీక్ష చేసిన టెక్నీషియన్ని నేను తప్పుపట్టను. విశాఖలో తేలిన ఫలితం ఆయన చేతికి రాలేదు, అంతే.

అయ్యా, నేను అడిగేది పెద్ద బిల్డింగులు కాదు. యాంటీబాడీ ఒకసారి దొరికితే దాని పేరు కార్డు మీద రాసివ్వండి, ఏ బ్లడ్ బ్యాంకులోనైనా కంప్యూటర్‌లో కనబడేలా పెట్టండి. సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంకరపోయే జబ్బు) మిషన్‌లో 2023 నుంచి కార్డులు ఇస్తున్నారు కదా. సీతంపేట ఏజెన్సీలో రక్తం ఎక్కించుకునే సికిల్ సెల్ పిల్లలకూ ఇదే అవసరం. డయాలసిస్, తలసీమియా వాళ్లకు మొదటి బ్యాగు ఎక్కించకముందే ఆర్‌హెచ్‌లోని మిగతా గుర్తులు, కెల్, కిడ్ అనే గుర్తులు (అమ్మ జేకేఏ కిడ్‌లోదే) చూడాలి. ఎక్కించాక దాత కణాలు కలిసిపోయి మూడు నెలల దాకా మామూలు పరీక్షలో సొంత గుర్తులేవో తేలవు.

యాంటీబాడీ పేరు తేల్చే పరీక్ష జిల్లాలోనే చేయించండి. శాంపిల్ మూడు రోజులకు మించి పనికిరాదు, మా ఊరి నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైమాటే. హీరోల పుట్టినరోజులకు మా కుర్రాళ్లు వరుసలో నిలబడి రక్తం ఇస్తారు. తరచూ ఇచ్చేవాళ్లకైనా ఈ గుర్తులు ఒకసారి చూసి రాసిపెడితే, అమ్మలాంటి వాళ్లకు కావాల్సినప్పుడు ఫోన్ చేసి పిలవొచ్చు. రక్తమిచ్చే కుర్రాడు పక్క ఊళ్లోనే ఉండొచ్చు, అతని రక్తం అమ్మకు కలుస్తుందని మాత్రం ఎవరికీ తెలియదు.

ప్రస్తుతానికి అమ్మ డయాలసిస్ పుస్తకం మొదటి పేజీలో ఎర్రపెన్నుతో ఆ పేరు రాసి, తడవకుండా పైన టేపు అంటించాను. వచ్చే నెల మళ్లీ రక్తం ఎక్కించాల్సి రావచ్చు.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక డయాలసిస్ పేషెంట్ కొడుకు