పడవ ఇంజనుకు క్యామ్‌షాఫ్ట్: ముందు చూడవలసింది ఎగ్జాస్ట్

సంపాదకులకు,

అయ్యా,

వేగపు పడవల ఇంజన్లలో శక్తి పెంచే మార్గాల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. కార్బ్యురేటర్ గురించి, సిలిండర్ హెడ్‌ల గురించి అందులో చెప్పినవాటితో నాకు పేచీ లేదు. వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ విషయంలో మాత్రం, వాల్వులు ఎంత ఎక్కువసేపు తెరిచి ఉంటే అంత శక్తి వస్తుందన్న ధోరణిలో సాగిన సలహా రేసు కార్లకు కొంతవరకు సరిపోవచ్చునేమో గాని, పొగలో నీరు కలిపి వదిలే పడవకు దాన్ని అలాగే వర్తింపజేస్తే ఇంజను మొత్తానికే ముప్పు వస్తుంది. ఆ సంగతి వ్యాసంలో ఎక్కడా లేదు.

పడవలో ఇంజను మూసిన అరలో ఉంటుంది కనుక ఎర్రగా కాలే గొట్టాలు అక్కడ ఉండటానికి వీల్లేదు. అందుకే చాలా పడవల్లో ఇంజనును చల్లబరిచిన నీటినే ఎగ్జాస్ట్ మలుపు దగ్గర పొగలో కలిపి బయటికి పంపుతారు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే కొద్ది సమయాన్ని ఓవర్‌ల్యాప్ అంటాం. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఇన్‌టేక్ వైపు శూన్యత ఎక్కువగా ఉంటుంది కాబట్టి, ఓవర్‌ల్యాప్ పెద్దదైతే బయటికి పోవలసిన పొగ వెనక్కి మళ్లి, తనతోపాటు నీటి తుంపరలను సిలిండర్‌లోకి లాక్కొస్తుంది. మొదట ఎగ్జాస్ట్ వాల్వులకు, వాటి సీట్లకు తుప్పు పడుతుంది, తర్వాత పిస్టన్ రింగులు బిగుసుకుంటాయి. నీరు మరీ ఎక్కువైతే, దాన్ని గాలిలా కుదించడం పిస్టన్ వల్ల కాదు కనుక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఉప్పు నీటిలో ఇదంతా మరింత త్వరగా జరుగుతుంది. యజమానులు గ్యాస్కెట్లను అనుమానిస్తారు, మానిఫోల్డులు మారుస్తారు, క్యామ్‌షాఫ్ట్ జోలికి మాత్రం పోరు.

ఓవర్‌ల్యాప్‌ను ఎవరైనా కాగితం మీద లెక్కగట్టవచ్చు. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ డ్యూరేషన్లు (వాల్వు తెరిచి ఉండే వ్యవధి, క్రాంక్‌షాఫ్ట్ డిగ్రీల్లో) రెండూ కలిపి నాలుగుతో భాగించి, అందులోంచి లోబ్ సెపరేషన్ కోణాన్ని (క్యామ్ మీద ఆ రెండు వాల్వులను ఎత్తే ఉబ్బుల శిఖరాల మధ్య కోణం) తీసివేసి, మిగిలినదాన్ని రెట్టింపు చేస్తే సరిపోతుంది. క్యామ్ ఉబ్బు 0.050 అంగుళం ఎత్తిన చోట (లిఫ్ట్) నుంచి కొలిచిన డ్యూరేషన్ రెండు వైపులా 236 డిగ్రీలు ఉన్న క్యామ్‌కు లోబ్ సెపరేషన్ 110 అయితే ఓవర్‌ల్యాప్ 16 డిగ్రీలు, 114 అయితే 8 మాత్రమే. మెరైన్ క్యామ్‌లను సాధారణంగా 112, 114 డిగ్రీల వద్ద, కొన్నిసార్లు ఇంకా వెడల్పుగా తయారుచేయడానికి ముఖ్య కారణం ఇదే. దీనివల్ల గరిష్ఠ టార్క్ కాస్త తగ్గవచ్చు, కాని అది ఎక్కువ ఆర్‌పీఎం మేర పరుచుకుంటుంది, ఐడిలింగ్ నిలకడగా ఉంటుంది. అయితే కేటలాగులో ఆ కోణం ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండరాదు: డ్యూరేషన్‌ను 250కి పెంచితే 114 దగ్గర కూడా ఓవర్‌ల్యాప్ 22 డిగ్రీలకు చేరుతుంది. చివరిదాకా నీరు పొగలో కలవని పొడి గొట్టాలున్న రేసు పడవలకు ఈ పట్టింపు అంతగా లేదు. వారి క్యామ్‌ను చూసి తక్కినవారు కొనుక్కోవడమే చిక్కు.

రెండవది ప్రొపెల్లర్. కారులా గేర్లు మార్చుకునే వీలు చాలా పడవలకు ఉండదు. నిలిచి ఉన్న బరువైన పడవ నీటి మీదికి లేచి జారడానికి 2,500 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్య బలం కావాలి, ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకునే పెద్ద క్యామ్ సరిగ్గా అక్కడే నీరసిస్తుంది. పైగా ప్రొపెల్లర్ బరువు ఇంజనును 5,000 ఆర్‌పీఎం దాటనివ్వకపోతే, 6,000 దాటాక వచ్చే శక్తి కొనుగోలుదారుకు ఏనాటికీ అందదు. ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు అది లెక్కప్రకారం ముందుకు సాగే దూరం) ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది నిజమే, కాని అలా సర్దుకున్న ఇంజను ప్రతి ప్రయాణంలోనూ ఎక్కువ వేగంతో, గంటల తరబడి పూర్తి బరువు మోస్తూ తిరగాలి. వాల్వు స్ప్రింగులు దానికి తగినవై ఉండాలి. అల మీద పడవ ఎగిరి ప్రొపెల్లర్ గాలిలో తిరిగే క్షణాన ఇంజను హద్దు మీరకుండా రెవ్ లిమిటర్ కూడా ఉండి తీరాలి.

ఇకమీదట ఇలాంటి వ్యాసాలు ప్రచురించేటప్పుడు క్యామ్ కొలతల పక్కనే ఎగ్జాస్ట్ ఏ రకమో, ప్రొపెల్లర్‌తో అందే గరిష్ఠ ఆర్‌పీఎం ఎంతో కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఆ వ్యాసం చదివి ఇప్పటికే పెద్ద క్యామ్ బిగించుకున్నవారు స్పార్క్ ప్లగ్గులు తీసి చూడాలి, ఎగ్జాస్ట్ పోర్టులను కెమెరాతో పరీక్ష చేయించుకోవాలి. తుప్పు ఛాయలు కనిపిస్తే, కారణం తేలేవరకు పడవను నీటిలోకి దించవద్దు.

భవదీయుడు,
ఒక మెరైన్ ఇంజను మెకానిక్