కువైట్ దారిలో ఏజెంట్ల అప్పులు

నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్ట పల్లెల నుంచి కువైట్ వెళ్లేవాళ్లను ఊళ్లలో తిరిగే వీసా ఏజెంట్లు అప్పులపాలు చేస్తున్నారు. బోర్లెండిన చోట కూలి దొరకదు, కువైట్‌లో దినార్లలో జీతం ఉంది, కాబట్టి వెళ్తారు. అందులో తప్పేమీ లేదు. మా వీధిలో మిద్దెలు లేచింది, ఆడపిల్లలు బీటెక్ చదివింది ఆ డబ్బుతోనే. కానీ మా పక్కింటామె నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చి ఏజెంటు చేతిలో పోసింది. తొలి ఆరేడు నెలల జీతం ఆ బాకీకే సరిపోయింది, ఇక్కడ పిల్లలు అమ్మమ్మ పింఛనుతో గడిపారు. 1983 వలస చట్టం కింద నమోదైన ఏజెంటు సైతం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ఈ సంగతి మా ఊళ్లో ఎవరికీ తెలియదు. పని వీసా కాకుండా విజిట్ వీసాపై పంపితే, విదేశాలకు పనికి వెళ్లేవాళ్లకు ఉండే 10 లక్షల ప్రవాసీ బీమా కూడా ఉండదు. ప్రతి గ్రామ సచివాలయంలో నమోదైన ఏజెంట్ల జాబితా, రుసుము పరిమితి గోడకు అంటించాలి. ఉద్యోగ ఒప్పంద పత్రాన్ని కేంద్ర ప్రభుత్వ వలస వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో సరిచూసి తెలుగులో చదివి వినిపించే బాధ్యత ఒక ఉద్యోగికి అప్పగించాలి. ప్రయాణ ఖర్చుకు డ్వాక్రా సంఘాల ద్వారా తక్కువ వడ్డీకి రుణమివ్వాలి.

– ఒక పాఠకుడు, ఉదయగిరి