డిశ్చార్జి కాగితంలో నడక సంగతీ రాయాలి

సంపాదకుడికి,

గుంటూరులో గుండె వైద్యానికి ఇప్పుడు కొరత లేదు. కొత్తపేటలో నాలుగడుగులకో ఆసుపత్రి. ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లోనూ గుండె ఆపరేషన్లు చేస్తున్నారు. గుండెపోటు వచ్చిన మనిషిని వేళకు చేరిస్తే స్టెంటు వేసి బతికిస్తున్నారు. అది మెచ్చుకోవాల్సిందే. నా బాధల్లా ఆ తర్వాత జరిగేదాని గురించి, అదీ డెబ్బై అయిదు దాటిన వాళ్ల విషయంలో.

నేను స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. డిశ్చార్జి కాగితంలో ఈసీజీ, ఎకో స్కాన్‌లో ఈఎఫ్ (గుండె రక్తాన్ని నెట్టే శక్తి), స్టెంటు ఎన్ని మిల్లీమీటర్లు, అన్నీ ఉంటాయి. మామ్మగారు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలుగుతోందా, బాత్రూమ్ దాకా తనంతట తాను వెళ్లిందా అన్నది మాత్రం ఉండదు. వీల్‌చెయిర్‌లో కారు దాకా తెచ్చి ఎక్కిస్తారు. ఇంటి ముందు మెట్ల దగ్గరకొచ్చాక గానీ అసలు సంగతి బయటపడదు. కోడలు ఓ రెక్క, మనవడు ఓ రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్తారు. ఆ తర్వాత ఏదో ఒక రాత్రి జారిపడటం, తుంటి ఎముక విరగడం. గుండె బాగానే కొట్టుకుంటూ ఉంటుంది, మనిషే మంచాన పడుతుంది.

ఒంట్లో సత్తువ ఇలా సడలిపోవడాన్ని డాక్టర్లు ఫ్రెయిల్టీ అంటారు. ఇది ఒక్క వయసును బట్టే వచ్చేది కాదు. ఎన్టీఆర్ స్టేడియంలో రోజూ నడిచే ఎనభై ఏళ్ల వారున్నారు. అరవై ఎనిమిదికే మంచినీళ్ల చెంబు ఎత్తలేని వారూ ఉన్నారు. కారణం లేకుండా బరువు తగ్గడం, ఊరికే అలసిపోవడం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, కదలిక తగ్గడం, ఈ అయిదింటిలో మూడుంటే ఫ్రెయిల్ అని 2001లో అమెరికా పరిశోధకులు చెప్పారు. ఇలాంటి వాళ్లకు గుండెపోటు చాలాసార్లు ఛాతీ నొప్పి లేకుండానే వస్తుంది. ఆయాసం, చెమటలు, అయోమయం, అంతే. మనవాళ్లేమో నీరసమనుకుని ఆర్‌ఎంపీని పిలిచి సెలైన్ పెట్టిస్తారు. ఆయాసంతో ఉన్న గుండెకు ఆ సెలైనే ముప్పు.

దీన్ని కనిపెట్టడానికి మెషీన్లు అక్కర్లేదు. వరండాలో అయిదు మీటర్లకు రెండు గీతలు గీసి, మామూలుగా నడవమంటే చాలు. ఆరు సెకన్లు, అంతకంటే ఎక్కువ పట్టిన వాళ్లకు గుండె ఆపరేషన్ తర్వాత ముప్పు ఎక్కువని 2010లోనే తేలింది. ఐసీయూలో ఉన్న మనిషిని నడిపించలేం, నిజమే. అప్పుడు ఇంట్లో వాళ్లను అడగాలి. రెండు వారాల కిందట బజారుకు వెళ్లేదా, స్నానం తనే చేసేదా అని. కెనడా డాక్టర్లు తయారుచేసిన తొమ్మిది మెట్ల స్కేలు ఇలాంటి ప్రశ్నల మీదే నడుస్తుంది. అయిదు నిమిషాల పని.

ఫ్రెయిల్ అని తేలితే వైద్యం ఆపేయమని కాదు. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటుకు వెంటనే తెరవాల్సిందే. నాళం పూర్తిగా మూసుకుపోని మరో రకం గుండెపోటులో తొందర అంత ఉండదు. ఈ రకం వచ్చిన, 75 దాటిన 1,518 మందితో బ్రిటన్‌లో చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క మందులతోనే నడిపినవారితో పోలిస్తే, యాంజియో చేసి అవసరమైతే స్టెంటు వేసే దారి పట్టినవారికి మళ్లీ గుండెపోటు రావడం తగ్గింది గానీ గుండెజబ్బు మరణాలు తగ్గలేదు. రక్తం పల్చబడే మందులతో రక్తస్రావం, ఐసీయూలో రాత్రిళ్లు మతి తప్పడం ఇలాంటి వాళ్లకే ఎక్కువ. ఇవన్నీ కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పాక సంతకం తీసుకోవాలి. ఇప్పుడు సంతకమే ముందు.

ఇక మన ఇళ్ల సంగతి. "మంచం దిగొద్దమ్మా" అనడం ప్రేమే. కానీ పది రోజులు మంచంలోనే ఉంటే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోతుందని 2007లో కొలిచి చూశారు. పైగా పథ్యం పేరుతో జావ, చారన్నం. కండ ఎక్కడినుంచి వస్తుంది? కిడ్నీ జబ్బు లేకపోతే గుడ్డో పప్పో పెరుగో పూటపూటా పెట్టాలి. ఆవకాయ మాత్రం మానిపించాలి, అది ఉప్పు గని. 2021లో అమెరికాలో గుండె వైఫల్యంతో చేరిన పెద్దవాళ్లకు ఆసుపత్రిలోనే నడక, నిలకడ, కండబలం వ్యాయామాలు మొదలుపెట్టి మూడు నెలలు చేయించారు. మళ్లీ ఆసుపత్రిలో చేరడం తగ్గలేదు గానీ, వాళ్ల నడకా పనులు చేసుకునే శక్తీ స్పష్టంగా మెరుగయ్యాయి. ఇంట్లో పెద్దవాళ్లకు కావలసింది అదే కదా.

ఎన్టీఆర్ వైద్యసేవలో స్టెంటుకూ బైపాస్‌కూ ప్యాకేజీలున్నాయి. ఆ తర్వాతి మూడు నెలల ఫిజియోథెరపీని కూడా వాటిలో కలపాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. డెబ్బై దాటిన గుండె రోగి డిశ్చార్జి కాగితంలో నడకకు ఒక గడి పెట్టాలి. అది ఖాళీగా ఉంటే క్లెయిమ్ పాస్ చేయకూడదు. జీజీహెచ్ కార్డియాలజీ వార్డులోనే ముందు మొదలుపెడితే, ప్రైవేటు ఆసుపత్రుల్ని అడగడానికి ప్రభుత్వానికి నోరుంటుంది.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
బ్రాడీపేట, గుంటూరు